పరచిత్త పఠనం

గడచిన మాఘమాసంలో ఒక సాయంత్రం, విజయవాడలోని ఒక సభామందిరానికి నేనూ నా భార్యా కలిసి వెళ్ళినాము. ఆనాటి కార్యక్రమం సంగీతమూ కాదు, నాటకమూ కాదు. ఎదుటివారి మనసులోని మాట చెప్పగలనని ప్రకటించుకొన్న ఒక కళాకారుని ప్రదర్శన. ఇటువంటి వారిని ఇటీవల మన నగరాలలో ‘మెంటలిస్టు’ అని పిలుస్తున్నారు. ఐంద్రజాలికుడు అందామంటే చేతిలో మంత్రదండం లేదు. జ్యోతిష్కుడు అందామంటే ఎదుట పంచాంగం లేదు. నల్లకోటు ధరించిన ఒక యువకుడు, ఒక చిన్న మేజా, కొన్ని తెల్లకాగితాలు, ఒక నల్లబల్ల. రంగస్థలం మీద కనిపించినది అంతే.

మొదట అతడు ప్రేక్షకులలో ఒక విద్యార్థిని పిలిచి, తాను బయటకు పోయి ఉన్న సమయంలో ఒక తాళపుచెవిని సభలో ఎక్కడైనా దాచమన్నాడు. తిరిగి వచ్చి ఆ విద్యార్థి మణికట్టు పట్టుకొని, కండ్లకు గంతలతో వరుసల నడుమ అటూ ఇటూ నడచి, పదునాలుగవ వరుసలో ఒక పెద్దమనిషి చేతిసంచి దగ్గర ఆగినాడు. చెవి అందులోనే ఉన్నది. తరువాత నా వంతు వచ్చినది. “మీ జీవితంలో మరపురాని వ్యక్తిని ఒకరిని తలచుకోండి” అన్నాడు. నేను నాకు అక్షరాభ్యాసం చేయించిన గురువుగారిని తలచుకొన్నాను. ఆయన పోయి ముప్పది ఏండ్లు అయినది. ఆ యువకుడు నా కండ్లలోనికి కొంతసేపు చూచి, “వారు ఇప్పుడు లేరు, మీకు చదువు చెప్పినవారు” అని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొంటూ ఆయన పేరు నల్లబల్లపై వ్రాసినాడు. నా ఒళ్ళు జలదరించినది. “అవును, ఆయనే!” అని నేను లేచి నిలబడి కేక వేసినంత పని చేసినాను. సభ అంతా చప్పట్లతో మారుమ్రోగినది.

ఇంతవరకు వినోదమే. కాని ప్రదర్శన ముగిసి జనం లేచిపోతున్నప్పుడు ఒక పెద్దావిడ రంగస్థలం మెట్ల దగ్గరకు వచ్చినది. నేత చీర, చేతిలో ఒక పాత ఛాయాచిత్రం. “నాయనా, మా పిల్లవాడు ఇల్లు విడిచి మూడేండ్లయినది. ఎక్కడ ఉన్నాడో ఒక్క మాట చెప్పు, చాలు” అన్నది. ఆ యువకుని ముఖం వాడిపోయినది. అతడు మెట్లు దిగి వచ్చి, “అమ్మా, నాకు అటువంటి శక్తి లేదు. నేను చూపినది ఆట. మీ అబ్బాయి సంగతి నాకు తెలియదు” అన్నాడు. ఆమె నమ్మలేదు. నావైపు చేయి చూపి, “మరి ఆ బాబుగారి గురువు పేరు ఎట్లా చెప్పినావు నాయనా?” అని అడిగినది. అతడు నావైపు చూచినాడు. నేను ఏమీ మాట్లాడలేకపోయినాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు వెదకుతూ తరువాతి దినాలలో నేను ఈ విద్య చరిత్రను కొంత చదివినాను. ఆ చరిత్రయే నేడు మీ ఎదుట ఉంచుతున్నాను.

పరుల చిత్తం తెలిసికొనడం మన దేశానికి క్రొత్త మాట కాదు. పతంజలి యోగసూత్రాలలో, విభూతిపాదంలో, పరచిత్తజ్ఞానం ఒక సిద్ధిగా చెప్పబడినది. అయితే అదే పాదంలో, ఇటువంటి సిద్ధులు సమాధికి ఆటంకములన్న హెచ్చరిక కూడ ఉన్నది. ఇది పండితుల మాట. పామరజనానికి తెలిసిన పరచిత్తజ్ఞానం మన వాకిట్లోకి వచ్చిన ఎరుక. గద్దెబుట్ట నెత్తిన పెట్టుకొని, “సోది చెబుతానమ్మ సోది” అంటూ వచ్చిన ఎరుకలసానిని నా బాల్యంలో ఎన్నోమారులు చూచినాను. సాక్షాత్తు శ్రీనివాసుడే ఆ వేషం ధరించి ఆకాశరాజు నగరికి వెళ్ళి పద్మావతి మనసులోని మాట చెప్పినాడని మన కథ. చెప్పవలసిన మాట ముందే తెలిసినవాడు ఎరుక చెప్పడానికి వచ్చినాడన్నమాట. ఈ చమత్కారం ఆ కథను కల్పించినవారికి తెలియకపోలేదు.

ఎరుక చెప్పే ఆమె చేయి పట్టుకొని ముఖం చూస్తూ మెల్లగా మాట విడుస్తుంది. “మనసులో ఒక కోరిక ఉన్నది” అంటుంది. కోరిక లేని మనసు ఏది? “కడుపున పుట్టినవారి చింత” అని ఒక నిమిషం ఆగుతుంది. వినే ఇల్లాలి కనురెప్ప కదిలితే ఆ దారినే ముందుకు సాగుతుంది; కదలకపోతే “కాదు, ఒంటిమీద నలత” అని దారి మళ్ళిస్తుంది. అక్షరం చదువని ఆ స్త్రీలు మానవ ముఖాన్ని గ్రంథంవలె చదివినారు. తరువాత పాశ్చాత్య నగరాలలో పెద్ద పెద్ద రంగస్థలాల మీద జరిగిన దానిలో సగం ఈ విద్యయే.

మిగిలిన సగం ఏమిటి? దానికి పారిస్ నగరానికి పోవలెను. రాబెర్ హూదాఁ అనే గడియారాల పనివాడు 1845లో అక్కడి పాలే రొయాల్ ప్రాంతంలో ఒక చిన్న ఇంద్రజాల రంగశాలను తెరచినాడు. మరుసటి ఏడు, 1846లో, ‘రెండవ చూపు’ అనే అంశాన్ని ప్రవేశపెట్టినాడు. కండ్లకు గంతలు కట్టిన అతని కుమారుడు ఎమీల్ వేదికపై కూర్చుండేవాడు. తండ్రి ప్రేక్షకుల మధ్య తిరుగుతూ వారు చేతికిచ్చిన వస్తువు ఏదని అడిగితే, బాలుడు అది పొడుముడబ్బా, నాణెమా, దాని మీది సంవత్సరం ఏది అని చెప్పేవాడు. తండ్రి ప్రశ్న అడిగే తీరులోనే జవాబు ఇమిడి ఉండేది. ఒక మాట ముందు వచ్చినా, ఒక మాట తగ్గినా దానికి ఒక అర్థం. ప్రేక్షకులు మాటలను అనుమానించడం మొదలుపెట్టగానే, మాట లేకుండ గంట మ్రోగించి అడిగే పద్ధతిని కూడ అతడు కనిపెట్టినాడు.

ఈ సంకేతాలకంటె ఆశ్చర్యకరమైనది వారి సాధన. తండ్రీ కొడుకులు వీధిలో ఒక దుకాణం ముందు నుంచి నడచిపోతూ, కిటికీలోని వస్తువులపై ఒక్క చూపు వేసి, కొన్ని అడుగులు పోయి ఆగి, చూచినవన్నీ కాగితంపై వ్రాసేవారట. తాను ముప్పది వస్తువులు వ్రాయడమే కష్టం కాగా తన కుమారుడు నలువది వ్రాసేవాడని రాబెర్ హూదాఁ తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. ఇది చదువుతున్నప్పుడు తెలుగువానికి అవధానం జ్ఞప్తికి రాక మానదు. సమస్యాపూరణం, దత్తపది, నిషిద్ధాక్షరి నడుస్తుండగా, మధ్యలో మ్రోగిన గంటలను లెక్కపెట్టి చివర చెప్పే అవధానికి ఉన్నదీ ఇటువంటి ఏకాగ్రతయే. భేదం ఒక్కటి. అవధాని సభలో కూర్చున్నవారికి తాము చూస్తున్నది ధారణాశక్తి అని తెలుసు. పారిస్ ప్రేక్షకులకు ఆ మాట తెలియనీయలేదు. సాధనను కనబడనిస్తే అది విద్య అయినది. దాచివేస్తే అద్భుతం అయినది.

ఇక ఆ తాళపుచెవి సంగతి. దీని పుట్టుక అమెరికాలో. 1870ల దశాబ్దంలో రాండల్ బ్రౌన్ అనే యువకుడు, దాచిన వస్తువును దాచినవాని చేయి పట్టుకొని వెదకి తీయడం ప్రారంభించినాడు. పెద్ద పెద్ద ఆచార్యులు పరీక్షించి విస్తుపోయినారు. నాడీవైద్యుడు జార్జి బియర్డ్ మాత్రం ఇందులో మనసును చదవడం లేదు, కండరాలను చదవడం మాత్రమే ఉన్నదని వివరించినాడు. దీనికి మూలమైన సూత్రాన్ని ఇంగ్లండులో విలియం కార్పెంటర్ అనే శరీరశాస్త్రజ్ఞుడు 1852లోనే చెప్పి ఉన్నాడు. మనం ఒక కదలికను గట్టిగా భావిస్తే, మన ప్రమేయం లేకుండగనే కండరాలు ఆ దిశగా కొంచెం కదులుతాయి. చెవి దాచిన విద్యార్థి “కుడివైపు, కుడివైపు” అని మనసులో అనుకొంటున్నంతసేపు అతని మణికట్టు కూడ ఆ మాటనే అంటుంటుంది. తప్పుదారి పట్టినప్పుడు ఒక వెనుకంజ, సరియైన దారిలో ఒక సడలింపు. పట్టుకొన్న చేతికి అభ్యాసం ఉంటే చాలును.

బ్రౌన్ విద్యను నేర్చి అంతకు మించిన పేరు పొందినవాడు వాషింగ్టన్ అర్వింగ్ బిషప్. కండ్లకు గంతలు కట్టుకొని నగరవీధులలో గుర్రపుబండి తోలుతూ దాచిన వస్తువు దగ్గరకు పోవడం అతని ప్రసిద్ధ ప్రదర్శన. అతని అంతం విషాదకరం. 1889 మే నెలలో న్యూయార్కులోని ఒక క్లబ్బులో ప్రదర్శన ఇస్తూ స్పృహ తప్పి పడిపోయినాడు. మరణించినాడని వైద్యులు నిర్ణయించి, మరునాడే శవపరీక్ష జరిపి మెదడును వెలికి తీసినారు. తన కుమారునికి గాఢమైన మూర్ఛలు వచ్చే అలవాటు ఉన్నదనీ, ప్రాణం ఉండగానే కోసినారనీ తల్లి గగ్గోలు పెట్టినది. వైద్యులపై నేరారోపణ జరిగినది గాని శిక్ష పడలేదు. ఆ మెదడులో అసాధారణమైనది ఏదీ కనిపించలేదు. వెదకవలసిన విద్య మెదడులో మూటగట్టి లేదు. ఎదుటివాని చేయి పట్టుకొన్న వ్రేళ్ళలో ఉన్నది.

చేయి పట్టుకొనవలసిన పని కూడ లేదని నిరూపించినది ఒక గుర్రం. బెర్లిన్ నగరంలో ఫాన్ ఓస్టెన్ అనే ఉపాధ్యాయుడు హన్స్ అనే తన గుర్రానికి గణితం నేర్పినానని ప్రకటించినాడు. ప్రశ్న అడిగితే గుర్రం నేలను గిట్టతో తట్టి సంఖ్య చెప్పేది. 1904లో పండితుల సంఘం ఒకటి పరీక్షించి, మోసం లేదని చెప్పినది. నిజమే, మోసం లేదు. ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే పరిశోధకుడు ఓపికతో ఒక విషయం గమనించినాడు. అడిగేవానికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. అడిగేవాడు గుర్రానికి కనబడకపోతే గుర్రం తప్పు చెబుతుంది. అడిగేవాడు లెక్క మొదలు కాగానే తల కొంచెం వంచుతాడు. సరియైన సంఖ్య రాగానే తనకు తెలియకుండ కొంచెం ఎత్తుతాడు. గుర్రం ఆ తలనే చూచి ఆగుతున్నది. తరువాత ఫుంగ్స్ట్ తానే గుర్రం స్థానంలో ఉండి బల్లపై తట్టుతూ, మనుష్యులు తలచుకొన్న సంఖ్యలను ఇదే విధంగా కనిపెట్టినాడు. ఈ సంగతులన్నీ 1907లో గ్రంథంగా వెలువడినవి. మనం దాచినామనుకొన్నవి ఎన్ని మన శరీరం బయటపెడుతున్నదో ఈ గుర్రం నేర్పినంత స్పష్టంగా మరెవ్వరూ నేర్పలేదు.

ఇరువదవ శతాబ్ది ఆరంభంలో డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన జాన్సిగ్ దంపతులు సంకేతాల విద్యను పరాకాష్ఠకు చేర్చినారు. వారిది నిజమైన దివ్యశక్తి అని సర్ ఆర్థర్ కానన్ డాయిల్ నమ్మినాడు. అపరాధ పరిశోధనలో ప్రతి చిన్న గుర్తునూ పట్టుకొనే షెర్లాక్ హోమ్సును సృష్టించిన కలమే ఆ నమ్మకాన్ని సమర్థించినది. తెలివి గలవారు మోసపోరన్న భ్రమ మనకు ఎవరికైనా ఉంటే ఈ ఒక్క ఉదాహరణ చాలును.

రేడియో వినేవారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే ఘట్టం ఇక వస్తున్నది. సిడ్నీ పిడ్డింగ్టన్ ఆస్ట్రేలియా సైనికుడు. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపాను వశమైనప్పుడు బందీ అయి చాంగి శిబిరంలో పడినాడు. ఆకలి, వ్యాధి, మరణం నిత్యమైన ఆ శిబిరంలో, రసెల్ బ్రాడన్ అనే తోటి ఖైదీతో కలిసి మనోగ్రహణ ప్రదర్శన ఒకటి రూపొందించి బందీలకు చూపించినాడు. యుద్ధం ముగిసిన తరువాత లెస్లీ పోప్ అనే నటిని వివాహమాడి, ఆమెతో కలిసి అదే విద్యను రేడియోలోనికి తెచ్చినాడు. 1949లో బి.బి.సి. వారి కార్యక్రమాన్ని ప్రసారం చేసినది. భర్త స్టూడియోలో ఉంటే భార్య లండన్ టవరు కోటలో ఉన్నది. స్టూడియోలో ఎంపిక చేసిన పుస్తకంలోని పంక్తిని ఆమె అక్కడినుంచి చెప్పినది. మరొకమారు ఆమె ఎగురుతున్న విమానంలో ఉండి చెప్పినది. దేశమంతా అదే చర్చ. ఇది నిజమా, కనికట్టా అన్న ప్రశ్నకు పిడ్డింగ్టన్ ఎన్నడూ జవాబు చెప్పలేదు. తీర్పు చెప్పవలసినది మీరే అని శ్రోతలకే వదలిపెట్టేవాడు.

రేడియోలో పనిచేసేవానిగా ఈ సంగతి నన్ను కొంత కలవరపరచినది. రంగస్థలం మీద ప్రేక్షకునికి కనీసం తన కండ్లు ఉన్నవి. రేడియోలో శ్రోతకు మా మాట తప్ప మరొక ఆధారం లేదు. “ఇప్పుడు ఆమె కోటలో ఉన్నది, ఎవరూ ఆమెతో మాట్లాడడం లేదు” అని మేము అంటే, ఉన్నదనే వినేవారు గ్రహించవలెను. ఆ ప్రదర్శనకు ఆయువుపట్టు సంకేతం కాదు, యంత్రం కాదు. ప్రసారసంస్థ మీద ప్రజలకు ఉన్న నమ్మకం. పిడ్డింగ్టన్ దానిని వినోదానికి మాత్రమే వాడుకొన్నాడు. మరణించినవారి సందేశాలు తెచ్చి ఇస్తానని అతడు అంగడి తెరువలేదు. యుద్ధంలో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు ఇంటింటా ఉన్న కాలంలో అది చిన్న విషయం కాదు.

ఎందుకంటే నమ్మడానికి మనం సిద్ధంగా ఉంటాము. 1948లో అమెరికాలో బెర్ట్రం ఫోరర్ అనే మనస్తత్త్వశాస్త్ర ఆచార్యుడు తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికి వారి స్వభావ వర్ణన వ్రాసి ఇచ్చినాడు. అది ఎంతవరకు సరిపోయినదో అయిదు మార్కులకు వేయమన్నాడు. సగటున 4.26 మార్కులు వచ్చినవి. ఆ తరువాత తెలిసినది, అందరికీ ఇచ్చినది ఒకే వర్ణన అని. అందులోని వాక్యాలు వీధిలో అమ్మే జ్యోతిష పుస్తకం నుంచి ఏరినవని. ఎరుకలసాని చెప్పిన “మనసులో ఒక కోరిక” కూడ ఇటువంటిదే. చెప్పేవారు సగం చెబుతారు. మిగిలిన సగం వినేవారే పూరించుకొని, అంతా వారే చెప్పినారని అనుకొంటారు.

ఇంత చదివిన తరువాత కూడ నా గురువుగారి పేరు సంగతి తేలలేదు. నేను చేయి ఇవ్వలేదు. ఎవరికీ పేరు చెప్పలేదు. ఒక రాత్రి భోజనాల దగ్గర మా బంధువులకు ఈ కథ చెబుతున్నాను. “ఊరకే తలచుకొన్నాను, అంతే! అతడు చెప్పివేసినాడు” అన్నాను. వడ్డిస్తున్న నా భార్య ఆగి, “ఏమండీ, తలచుకొనడమే కాదు గదా! మీరు కాగితం మీద వ్రాసినారు. మడిచి అతని చేతికి ఇస్తే, దానిని మీ జేబులో పెట్టుకొమ్మని తిరిగి ఇచ్చినాడు” అన్నది. నేను కాదన్నాను. ఆమె లేచి వెళ్ళి, ఆనాడు నేను ధరించిన చొక్కా జేబు నుంచి ఉతుకుకు వేసేముందు తీసి దాచిన కాగితపు మడతను తెచ్చి నా ముందు ఉంచినది. విప్పి చూచినాను. అది ఖాళీ కాగితం.

నేను వ్రాసినది అతని దగ్గర ఉండిపోయినదని చెప్పనక్కరలేదు. అతని చేతి నైపుణ్యానికి నేను ఆశ్చర్యపడలేదు. నా జ్ఞాపకం చేసిన పనికి ఆశ్చర్యపడినాను. కాగితం తెప్పించడం, వ్రాయడం, మడవడం, ఇవ్వడం, తీసికొనడం; ఇన్ని పనులు నా చేతులతో నేనే చేసి, వారం తిరగకముందే అన్నిటినీ మరచి, “తలచుకొన్నాను, చెప్పినాడు” అనే రెండు మాటలు మిగుల్చుకొన్నాను. అబద్ధం ఆడవలెనని నాకు లేదు. ఉన్నదల్లా మంచి కథ చెప్పవలెనన్న కోరిక.

ఇదీ క్రొత్త సంగతి కాదు. 1880ల దశాబ్దంలో లండనులో డేవీ అనే యువకుడు ఇంద్రజాలపు ఉపాయాలతో పలకలపై ‘ఆత్మల వ్రాతలు’ తెప్పించి చూపి, చూచినవారిని తాము చూచినదంతా వ్రాసి ఇమ్మన్నాడు. రిచర్డ్ హాడ్జ్‌సన్‌తో కలిసి ఆ వ్రాతలను 1887లో ప్రకటించినాడు. చదువుకొన్నవారు, సత్యసంధులు వ్రాసిన ఆ సాక్ష్యాలలో ముఖ్యమైన ఘట్టాలు జారిపోయినవి, జరుగనివి చేరినవి, ముందువి వెనుకకు, వెనుకవి ముందుకు మారినవి. అద్భుతాలలో చాలా భాగం రంగస్థలం మీద కాక, ఇంటికి పోయిన ప్రేక్షకుని నోటిలో తయారవుతున్నవి.

అప్పుడు ఆ పెద్దావిడ ప్రశ్న నాకు మరల వినిపించినది. “మరి ఆ బాబుగారి గురువు పేరు ఎట్లా చెప్పినావు?” ఆ యువకుడు తన వృత్తిరహస్యాన్ని చెప్పలేడు, అయినా తనకు శక్తి లేదని నిజం చెప్పినాడు. ఆమె నమ్మకుండ చేసినది నా కేక, నా జలదరింపు, నా మౌనం. నేను ఒక్క మాట, “అమ్మా, నేను పేరు కాగితం మీద వ్రాసి అతని చేతికి ఇచ్చినాను” అని అని ఉంటే, ఆమె ఆ ఛాయాచిత్రాన్ని పోలీసుస్టేషనుకో, పత్రికాఫీసుకో, మా కార్యాలయానికో తీసికొనిపోయి ఉండేదేమో. మరొక ఊరిలో, మరొక వేదిక మీద, శక్తి ఉన్నదని చెప్పి డబ్బు తీసికొనేవాని దగ్గరకు పోలేదు గదా అన్న శంక నన్ను విడువలేదు. తరువాత రెండు మారులు ఆ సభామందిరానికి పోయి వాకబు చేసినాను. ఆమె ఎవరో ఎవరికీ తెలియదు.

మరల ఇటువంటి ప్రదర్శన జరిగితే నేను తప్పక పోతాను. అది చక్కని కళ, దానికి తగిన సాధన ఉన్నది, చప్పట్లకు అర్హమైనది. మీరూ పోయి చూచి సంతోషించండి. ఇంటికి వచ్చి నలుగురికి చెప్పేటప్పుడు మాత్రం, కాగితం మీద వ్రాసి ఇచ్చినామన్న మాటను కూడ కలిపి చెప్పండి.